ఫోర్కులో కొసరు

మనిషి చేతిలో ఉన్నది ఎక్కడ ముగుస్తుంది, దేవుడి చేతిలో ఉన్నది ఎక్కడ మొదలవుతుంది అన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. నేను పెద్ద చదువు చదివినవాణ్ణి కాదు. నూనె దుకాణంలో కొలిచి పోసే ఉద్యోగం నాది. పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు కాసేపు కూర్చోనిదే ఇల్లు కదలను. అన్నేళ్లు కూర్చున్నా ఆ అనుమానం మాత్రం కదల్లేదు. పెద్దవాళ్లను అడిగితే "అంతా ఆయన దయ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మా ఆవిడను అడిగితే ఆమె ఇంకో ముక్కలో తేలుస్తుంది.

"లేచిన పిల్లలు ఆయన దయ, మురిగిన గుడ్లు నా చేతకానితనం. ఇంతేగా మీ లెక్క?"

మా ఆవిడ కోడిగుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్ముతుంది. వెనక గదిలో చిన్న బీరువా అంత పొదిగే మిషన్ ఉంది. అంతకుముందు ఆమె ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీ గదిలో పనిచేసేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆవిరిలో నిలబడే ఉండాలి. ఇంటికొచ్చేసరికి కాళ్లు మొద్దుల్లా వాచిపోయేవి. చెప్పులు విప్పడానికి కూడా వంగలేక గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేది. కూడబెట్టుకున్నది పెట్టి ఈ మిషన్ కొన్న రోజున ఆమె లాండ్రీకి వెళ్లి, పని మానేస్తున్నానని చెప్పి, దారిలో పాట పాడుకుంటూ నడిచొచ్చింది. ఆమె పాడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

మొదట్లో బాగానే నడిచింది. ఇల్లు మారాక దెబ్బతింది. ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి, పెట్టిన గుడ్లలో సగం కూడా పిల్లలు కావడం లేదు. గది తేడా అనుకున్నాం. మిషన్‌ను ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపాం. కిటికీకి మందపాటి గుడ్డ కట్టాం. థర్మామీటర్ మార్చాం, నీళ్ల గిన్నె మార్చాం. నేను నా వంతుగా ప్రార్థన కాస్త పొడిగించాను. గుడ్లు మురుగుతూనే ఉన్నాయి.

ఇంతలో లాండ్రీలో సూపర్‌వైజరమ్మ కబురు పంపింది. ఇస్త్రీ గదిలో ఒక చోటు ఖాళీ అయిందనీ, మా ఆవిడ చేయి తెలిసినది కనుక నెల రోజులు ఎవరికీ ఇవ్వకుండా ఆపుతాననీ దాని సారాంశం. మా ఆవిడ ఆ కబురు విని లోపలికి వెళ్లింది. పెట్టెలోంచి లాండ్రీకి వేసుకెళ్లే పాత చదును చెప్పులు తీసి, దులిపి, ఎండలో పెట్టింది.

"ఇంకొక్క దఫా పెడతాను," అంది. "సగానికి పైన పిల్లలైతే మిషన్ ఉంటుంది. కాకపోతే దాన్ని అమ్మేసి ఇస్త్రీ గదికి పోతాను. మీరు నాకు ఓదార్పు మాటలు చెప్పొద్దు."

చెప్పలేదు. వెళ్లి మిషన్‌లో నీళ్ల గిన్నె నింపాను.

పక్కింటామె పొదిగించి పెట్టమని అంతకుముందు ఇచ్చిన తన కోళ్ల గుడ్లు ఆ వారమే పిల్లలయ్యాయి. మా ఆవిడ ఆ గుడ్లను ఒళ్లో పెట్టుకుని గోడ అవతల నుంచి ఇవతలకు తెచ్చింది, అంతే వాటి ప్రయాణం. ఒక్కటి తప్ప అన్నీ లేచాయి. అదే గది, అదే మిషన్, అదే నీళ్ల గిన్నె.

ఆ సాయంత్రం నేను దుకాణం నుంచి వచ్చేసరికి ఆమె గుమ్మంలో నిలబడి నా మోటార్‌సైకిల్ వైపు చూస్తోంది. దొంగను పోల్చుకున్న మనిషి చూపులా ఉంది ఆ చూపు.

"ఇల్లు మారిన నెలలోనే కదా పెద్దమ్మ కొడుకు వ్యాన్ అమ్మేసింది?" అని అడిగింది. అంతవరకు పెద్దమ్మ దగ్గర కొన్న గుడ్లు ఆ వ్యాన్‌లోనే మా ఇంటికొచ్చేవి.

"అవును."

"అప్పటి నుంచే కదా మీరు గుడ్లు బండి మీద తెస్తున్నది?"

"అవును. ఎంత జాగ్రత్తగా తెస్తానో తెలుసా? ట్యాంకు మీద పెట్టె పెట్టుకుని, పొట్టకు ఆనించుకుని, చంటిపిల్లను తెచ్చినట్టు తెస్తాను. ఇంతవరకు ఒక్క గుడ్డు పగల్లేదు."

"లోపలికి రండి."

వెనక గదిలో కిటికీ గుడ్డ దించి చీకటి చేసింది. పోయిన దఫా నేను తెచ్చినవాటిలో మిషన్‌లో పట్టక మిగిలిన గుడ్డు ఒకటి తీసి, లావు కొస పైకి పెట్టి, కింద టార్చిలైటు వేసింది. గుడ్డు ఎర్రగా వెలిగింది. పైకొసలో ఒక ఖాళీ గది కనిపించింది. ఆమె గుడ్డును కాస్త వంచితే ఆ ఖాళీ కూడా పక్కకు జారింది, తాపీమేస్త్రీ లెవెల్ గొట్టంలో బుడగలా. తరువాత పక్కింటి కోడి గుడ్డు చూపించింది. దాన్ని ఎటు వంచినా ఖాళీ ఉన్నచోటే గట్టిగా అతుక్కుని ఉంది.

"పిల్ల బయటికొచ్చే ముందు మొదటి ఊపిరి ఈ గదిలోనే తీస్తుంది," అంది. "మీ బండి కుదుపులకి ఆ గది గోడ ఊడిపోతోంది. పైకి పెంకు బాగానే ఉంటుంది. లోపల ఇల్లు కూలిపోయి ఉంటుంది."

"ఇది ఆయన..." అని నేను మొదలుపెట్టాను.

"ఆయన్ని ఒకసారి మీ ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని ఆ కంకర రోడ్డు మీద తీసుకురండి. తప్పెవరిదో ఆయనే చెబుతాడు."

నాకు కోపం రాలేదు. నిజానికి ఆ మాటలో ఆమెకు దేవుడి మీద నాకంటే ఎక్కువ నమ్మకం ఉన్నట్టు తోచింది.

మా బావమరిది బండ్ల షెడ్డులో పనిచేస్తాడు. ఏ చొక్కా జేబులో చేయి పెట్టినా ఒక నట్టు దొరుకుతుంది కనుక అందరూ అతణ్ణి నట్టు అనే పిలుస్తారు. సెలవు రోజున వచ్చాడు. ముందు బ్రేకు పట్టుకుని, హ్యాండిల్ మీద బరువంతా వేసి కిందికి నొక్కి వదిలాడు. బండి ముందుభాగం దిగి, కింద టక్కున తగిలి, లేచి, మళ్లీ దిగి, ఇంకోసారి లేచింది.

"ఇది బండి కాదు బావా, ఊయల."

"మెత్తగా ఉంది కదరా. మెత్తగా ఉంటే మంచిదేగా?"

"మెత్తగా దిగితే చాలదు, దిగింది నిమ్మళంగా లేవాలి. నీది ఒక్క గుంత ఇస్తే మూడు దెబ్బలు చేసి పంచుతోంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఈ ఫోర్కులో నూనె ఎప్పుడు మార్చావ్?"

"అందులో నూనె ఉంటుందా?"

నట్టు మెట్టు మీద కూర్చుండిపోయాడు. "అక్కా, ఇలా రా. నూనె దుకాణంలో పనిచేసే మనిషికి పిల్లనిచ్చాం మనం."

"ఇచ్చినప్పుడు నువ్వు నిక్కర్లో ఉన్నావు, నిన్నెవరు అడిగారు?" అంది మా ఆవిడ లోపలి నుంచి.

కొత్త షాకులు కొనాలేమోనని నేను భయపడ్డాను. నట్టు తల అడ్డంగా ఊపాడు. "ఈ బండికి ఖరీదైన షాకులు వేస్తే బండే సిగ్గుపడుతుంది. ఉన్నవాటికే మంచి నూనె, కొత్త సీళ్లు, రెండు ముక్కల పైపు. అంతకంటే అక్కర్లేదు."

ఇంజిన్ కింద చెక్కదిమ్మ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాడు. పైమూతలు ముందే వదులు చేసి, చక్రం ఊడదీసి, రెండు ఫోర్కు గొట్టాలనూ కిందికి లాగాడు. పని చేస్తూనే నాకు చెప్పాడు. ఒక గొట్టంలో ఇంకో గొట్టం జారుతుంది. లోపల స్ప్రింగు ఉంటుంది. చక్రం గుంతలో పడితే స్ప్రింగు నొక్కుకుంటుంది, కానీ స్ప్రింగుకు బుద్ధి ఉండదు, ఎంత వేగంగా నొక్కితే అంత వేగంగా ఎగరాలని చూస్తుంది. లోపల చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. నూనె వాటిలోంచి దూరి పోవాలి, దూరి రావాలి. అది తీరిగ్గా దూరుతుంది కనుక స్ప్రింగు కూడా తీరిగ్గా లేవాల్సి వస్తుంది.

"అంటే స్ప్రింగు కుర్రాడు, నూనె ఇంటి పెద్ద," అన్నాను.

"ఆ. నీ ఇంటి పెద్ద ఎప్పుడో పోయాడు బావా. చూడు."

అడుగున ఉన్న స్క్రూ తీస్తే అంట్లు కడిగిన నీళ్లలాంటిది ధారగా పడింది. బూడిద రంగు, కుళ్లు వాసన. నేను దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూశాను. నూనెల విషయంలో నా వేళ్లను నేను నమ్ముతాను. దానికి పట్టు లేదు, జిడ్డు లేదు. తరువాత నట్టు తెచ్చిన కొత్త నూనె రుద్ది చూశాను. తేనె రంగు, వేళ్ల మధ్య సన్నటి పొరలా నిలిచింది. కంపెనీ చెప్పినదానికంటే ఒక మెట్టు చిక్కటిది తెచ్చానన్నాడు, పాత బండికి అదే మంచిదట.

"ఇది నూనె," అన్నాను.

"హమ్మయ్య, అల్లుడుగారు పాసయ్యారు."

గొట్టాలు కడిగి, నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్లు చిరిగి ఉంటే తీసి కొత్తవి కొట్టాడు. స్ప్రింగులు అలసిపోయి కాస్త కురచ అయ్యాయని, నీళ్ల పైపు నుంచి బొటనవేలంత ముక్కలు రెండు సమంగా కోసి, అంచులు నున్నగా రాశాడు. స్ప్రింగు మీద ఆ ముక్క కూర్చుంటే బండి ముందు నుంచే కుంగిపోకుండా నిలబడుతుందట. నూనె కొలవడానికి జేబులోంచి పసిపిల్లల పాలసీసా తీశాడు.

"ఎవరి నోటి దగ్గర లాక్కొచ్చావురా దాన్ని?" అంది మా ఆవిడ.

"నీ మేనకోడలిదే. దానికి పళ్లొచ్చాయి, ఇప్పుడు గ్లాసు కొరుకుతోంది." సీసా మీద గీత దగ్గర గోరుతో గట్టిగా గుర్తు పెట్టాడు. "ఒక్కో గొట్టానికీ ఇక్కడిదాకా."

అప్పుడే షెడ్డు నుంచి ఫోను వచ్చింది. ఎవరి బండికో దారిలో గొలుసు తెగింది, నట్టు వెంటనే వెళ్లాలి. "పోసి, స్ప్రింగు వేసి, ముక్క పెట్టి, మూత చేతిబిగువుగా తిప్పి ఉంచు బావా. నేనొచ్చి చక్రం ఎక్కిస్తాను," అని చెప్పి వెళ్లిపోయాడు.

నేను ఎంతో శ్రద్ధగా పోశాను. గీతకు కన్ను ఆనించి చూసి పోశాను. ఆ తరువాత నా చేయి దాని పని అది చేసింది. దుకాణంలో ఇన్నేళ్లుగా కొలత నిండా పోశాక, మళ్లీ ముంచి కాస్త కొసరు వేయనిదే నేను సీసాకు మూత పెట్టలేదు. కొలత న్యాయం, కొసరు మర్యాద. కొసరు లేకుండా ఇస్తే తీసుకునేవాళ్ల ముఖం ముడుచుకుంటుంది, నాకూ ఆ రోజు ప్రార్థనలో మనసు కుదరదు. డబ్బాలో మిగిలిన నూనెను రెండు గొట్టాల్లోకీ సమంగా, ఒకదానికి అన్యాయం జరగకుండా పంచాను. మూతలు తిప్పుతుంటే కాస్త మొరాయించాయి. కొత్త సరుకు కదా అనుకున్నాను.

మధ్యాహ్నం నట్టు వచ్చి చక్రం ఎక్కించి, హ్యాండిల్ నొక్కి చూశాడు. "కాస్త బిగుతుగా ఉందే," అన్నాడు. మళ్లీ తనే, "కొత్త సీళ్లు, కొత్త పైపు ముక్క. తిరిగితే సర్దుకుంటుంది," అన్నాడు. ఊయల పోయింది. నేను వీధి చివరి దాకా వెళ్లొచ్చాను. బండి నిటారుగా, ఇస్త్రీ చొక్కా వేసుకున్నట్టు ఉంది.

మా ఆవిడకు మాత్రం నమ్మకం కుదరలేదు. మర్నాడు పెద్దమ్మ దగ్గరికి గుడ్లకు వెళ్లాలి, ఆఖరి దఫా అది. పక్కింటి నుంచి ఆ పూట పెట్టిన గుడ్లు తెచ్చి, ఒక్కొక్కటీ టార్చి మీద చూసి, అన్నీ గట్టిగా ఉన్నాయని తేల్చుకుని, పెట్టెలో సర్దింది. "కంకర రోడ్డు మీద కాస్త దూరం తిప్పి తీసుకురండి," అంది.

సన్న రాళ్ల మీద బండి హాయిగానే పోయింది. నా ఛాతీ పొంగింది. మొదటి స్పీడ్ బ్రేకర్ మీద ఫోర్కు కొద్దిగా దిగి, రాయి తగిలినట్టు ఆగిపోయింది. దెబ్బంతా మణికట్టులోకి, అక్కణ్ణుంచి భుజంలోకి వచ్చింది. గట్టిదనం అంటే ఇంతే కాబోలు అనుకున్నాను. గట్టిది మంచిదే కదా.

తిరిగొచ్చాక ఆమె కిటికీ గుడ్డ దించింది. మొదటి గుడ్డు వంచింది. పక్కన పెట్టింది. రెండోది వంచింది. సగానికి సగం గుడ్లలో ఆ ఖాళీ ఊగుతోంది.

ఆమె నేల మీద కూర్చుంది. టార్చి ఆర్పలేదు. గోడ మీద దాని వెలుగు గుండ్రంగా పడి ఉంది. నాకు ఆమె కాళ్లే కనిపించాయి, వాపు లేని కాళ్లు. ఏదో ఒకటి అనాలని, "నట్టుకు చెప్పి ఇంకాస్త నూనె పోయిద్దామా?" అన్నాను.

ఆమె తలెత్తింది. "ఇంకాస్తా?"

"కొలతకు పైన నేను కొసరు వేశాను. అయినా చాలినట్టు లేదు."

"ఎంత వేశారు?"

"డబ్బాలో మిగిలిందంతా. ఏం చేసుకుంటాం దాన్ని, ఉంచి?"

ఆమె లేచి, ఇంకా గట్టిగానే ఉన్న గుడ్డు ఒకటి తీసి టార్చి మీద పెట్టింది. పైకొసలో ఖాళీ గది వెలిగింది. "ఇది చూడండి. గుడ్డు పెట్టిన కోడికి ఇంకో చెంచాడు తెల్లసొన లేకనా ఇది ఖాళీగా ఉంది? ఇది కూడా నిండి ఉంటే పిల్ల ఊపిరెక్కడ తీస్తుంది? మీ గొట్టం పైదాకా నూనె ఉంటే అది దిగడానికి చోటెక్కడుంది? గాలినైతే నొక్కొచ్చు. నూనెను నొక్కగలరా మీరు? మీకంటే ఎవరికి తెలియాలి, నిండు డబ్బా మీద మూత బిగించబోతే ఏమవుతుందో?"

నాకు తెలుసు. పొంగి చొక్కా మీద పడుతుంది. రోజూ చూసేదే. డబ్బాలో తెలిసింది గొట్టంలో ఎందుకు తెలియలేదో మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నట్టుకు ఫోన్ చేశాను. సంగతి వినగానే అతనికి నవ్వు మొదలైంది. "బావా, మా షెడ్డులో నూనె తక్కువ పోసినవాణ్ణి చూశాను. పోయకుండా పోశానన్నవాణ్ణి చూశాను. కొసరేసినవాణ్ణి ఇదే చూడటం." నవ్వు ఆగాక గొంతు తగ్గించి, "నొక్కి చూసినప్పుడే నాకు తెలియాల్సింది. సీళ్ల మీద తోసేశాను. వస్తున్నా, అక్కను బాధపడొద్దను," అన్నాడు.

ఎండ ఇంకా ఉండగానే వచ్చాడు. మూతలు విప్పాడు, స్ప్రింగులు తీశాడు. గొట్టాన్ని పూర్తిగా కిందికి నొక్కి పెట్టి, సన్నటి ట్యూబు తొడిగిన సిరంజితో నూనె పీకడం మొదలుపెట్టాడు. ఒక పుల్ల మీద గీత గీసి లోపలికి దించి చూశాడు. "నేను నీకు చెప్పాల్సింది ఇది. దీంట్లో కొలిచేది నూనె కాదు బావా, పైన మిగిలిన ఖాళీ. బెత్తెడున్నర. రెండు గొట్టాల్లో ఒక్కలాగే ఉండాలి."

ఈసారి పుల్ల నేనే దించాను. తడి ఎక్కడిదాకా అంటిందో చూసి, సిరంజితో ఒక చుక్క తీసి, మళ్లీ దించి, రెండూ సమం అయ్యేదాకా వదల్లేదు. నా జీవితంలో పోసినదాన్ని వెనక్కు తీయడం అదే మొదలు. చేయి కాస్త బిడియపడింది. ఖాళీని కూడా ఎవరో ఒకరు కొలిచే పెట్టారా, అయితే దాన్ని నింపమని నేను అడుగుతూ వచ్చిన ప్రార్థనల సంగతేమిటి అని ఒక ఆలోచన వచ్చింది. నట్టు స్పానర్ అడగడంతో అది అక్కడితో ఆగింది.

మూతలు బిగించాక అతను వెనక స్ప్రింగులను ఒక మెట్టు వదులు చేశాడు. నేను ఒంటరిగా వెళ్తాను కనుక అంత బిగువు అక్కర్లేదట. చక్రాల్లో గాలి కూడా కాస్త తగ్గించాడు. హ్యాండిల్ నొక్కి వదిలితే బండి దిగింది, ఒక్కసారి లేచింది, నిలబడింది.

పక్కింటి గుడ్లలో గట్టిగా మిగిలినవాటితో మళ్లీ తిరిగొచ్చాను. మా ఆవిడ అన్నీ చూసి, ఒక్కటీ ఊగడం లేదని తేల్చుకుని, టార్చి ఆర్పి, "రేపు పొద్దున్నే వెళ్లండి," అంది. చదును చెప్పులు ఎండలోంచి తీసి లోపల పెట్టేసింది.

పెద్దమ్మ మాకు బంధువు కాదు. ఊరి బయట కోళ్లు పెంచుతుంది, అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె కోళ్లు గుడ్లు బాగా పెడతాయి కానీ పొదగవు. ఆ జాతికి కూర్చునే ఓపిక లేదు. మేము మిషన్ కొన్న కొత్తలో చేతిలో ఏమీ మిగలక గుడ్లకు తడుముకుంటుంటే, మొదటి ట్రే ఊరికే ఇచ్చింది. "డబ్బులొద్దు. పిల్లలయ్యాక నాలుగు నాకు పడేయండి, నా కోళ్లు ముసలివవుతున్నాయి," అంది. ఆ మొదటి దఫాలో లేచినవి కొన్నే. అందులోంచే నాలుగు తీసుకెళ్తే ఆమె పెట్టె మూత తెరిచి చూసి మూసేసింది. "వీటినమ్ముకుని నిలదొక్కుకోండి. మీకు మిగిలిన రోజున ఇవ్వండి." తరువాత కాస్త నడిచిన రోజుల్లో కొనేవాళ్లు ముందే చెప్పుకునేవారు, వచ్చే దఫా ఇద్దాం అనుకునేవాళ్లం. ఆపైన మిగిలిన రోజే రాలేదు.

ఆ ఉదయం ఆమె ట్రేలు సర్దుతూ నా బండి వైపు చూసింది. "ఏం అబ్బాయ్, బండి మార్చావా? వచ్చేటప్పుడు చప్పుడు లేదు."

"బండి మారలేదు పెద్దమ్మా. నూనె మారింది."

"నీ నూనె పిచ్చి బండికి కూడా అంటించావా." గుడ్ల సన్నకొసలు కిందికి పెట్టి, సందుల్లో ఊక నింపింది. "అమ్మాయి ఇస్త్రీకి పోతుందని విన్నాను."

"ఈ గుడ్లు చెప్పాలి."

"గుడ్లు ఏం చెప్తాయి. నువ్వు నిదానంగా పో."

భయపడి నిదానంగా వెళ్లాల్సిన పనే లేకపోయింది. కంకర రోడ్డు ఎక్కగానే తెలిసింది. రాళ్లు చక్రానికి తెలుస్తున్నాయి, నాకు తెలియడం లేదు. కల్వర్టు దగ్గరి పెద్ద గుంతను తప్పించే వీలు లేక అందులోకే దించాను. ముందు చక్రం మునిగింది, లేచింది, అంతటితో ఆ గుంత కథ ముగిసింది. పెట్టె నా పొట్ట మీద కదల్లేదు. ఇన్నాళ్లుగా ఈ దారిలో దేవుణ్ణి తలుచుకుంటూ వచ్చేవాణ్ణి, కాపాడమని. ఆ రోజు ఏమీ అడగకుండా ఊరికే తలుచుకుంటూ వచ్చాను.

ఇంట్లో ఆమె ప్రతి గుడ్డూ చూసింది. ఏవో రెండు మూడు తప్ప అన్నిటి ఖాళీలూ కదలకుండా ఉన్నాయి. ఒక రోజు వాటిని కదల్చకుండా ఉంచి, మిషన్‌లో పెట్టింది. ఆ తరువాతి మూడు వారాలూ ఇంట్లో మేము గుడ్ల మాట ఎత్తలేదు. ఆమె వేళకు తిప్పింది, నీళ్లు పోసింది. సూపర్‌వైజరమ్మ ఫోన్ చేస్తే "ఈ వారంలో చెప్తాను" అంది. నేను నట్టు ఇంటికి వెళ్లి, మేనకోడలికి కొత్త పాలసీసా ఇచ్చి వచ్చాను. అది దాన్ని విసిరికొట్టింది.

ఒక ఉదయం నేను కళ్లు మూసుకుని దేవుడి ముందు కూర్చుని ఉండగా వెనక గదిలోంచి సన్నటి కిచకిచ వినిపించింది. మొదట ఒకటి. కాసేపటికి ఇంకొకటి. ప్రార్థన మధ్యలో నేను ఎన్నడూ లేవలేదు. లేవొచ్చా, కూడదా అని ఒక్క క్షణం ఆయన్నే అడిగాను. జవాబు కోసం ఆగకుండా లేచాను.

"వచ్చారా," అంది మా ఆవిడ మిషన్ అద్దం మీద నుంచి ముఖం తీయకుండా. "పర్లేదు, ఆయన ఏమీ అనుకోడు. ఆయన కూడా ఇక్కడే చూస్తూ ఉండి ఉంటాడు."

పెంకుల మీద సన్నటి పగుళ్లు. ఒక చోట చిన్న ముక్కు కొన. ఒకటి బయటపడి, తడి ఈకలతో తూలుతూ, పక్క గుడ్డు మీద పడి నిద్రపోయింది. సాయంత్రానికి ట్రేలో పెంకులు ఎక్కువో పిల్లలు ఎక్కువో చెప్పలేనట్టయింది. మర్నాటికి లెక్క తేలింది. సగం కాదు, ముప్పావు వంతు దాటాయి. కొనేవాళ్లకు చెప్పినవి పోగా ఇంకా మిగిలాయి.

ఆమె అక్కడే నిలబడి లాండ్రీకి ఫోన్ చేసింది. "అమ్మా, ఆ చోటు ఎవరికైనా ఇచ్చేయండి. నేను రావడం లేదు. లేదమ్మా, ఒంట్లో బాగానే ఉంది. చాలా బాగుంది." ఫోన్ పెట్టి, అట్టపెట్టెకు చిల్లులు పొడవడం మొదలుపెట్టింది. గట్టిగా నిలబడుతున్న పిల్లల్ని ఏరి నాలుగు అందులో పెట్టింది.

"నేనూ వస్తాను. నా చేత్తో ఇస్తాను," అంది.

ఇద్దరం కనుక వెనక స్ప్రింగులను ఒక మెట్టు బిగించాను. ఆ పని ఇప్పుడు నాకు వచ్చు. ఆమె పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్లలు కాసేపు అరిచి ఊరుకున్నాయి.

చాలా దూరం వెళ్లాక నా భుజం మీద తట్టింది. "కల్వర్టు దగ్గర పెద్ద గుంత ఉందని చెప్తారుగా, ఎక్కడ?"

"దాటేశాం."

"ఎప్పుడు?"

"ఇందాక నువ్వు పక్కింటామె గురించి చెబుతున్నప్పుడు."

ఆమె వెనక్కు తిరిగి చూసినట్టు బండి కాస్త ఊగింది.

పెద్దమ్మ కోళ్లకు నీళ్లు పెడుతోంది. మా ఆవిడ బండి దిగి, పెట్టె ఆమె చేతుల్లో పెట్టింది. పెద్దమ్మ మూత తెరిచి చూసింది. తరువాత మా ఆవిడ ముఖంలోకి చూసింది.

"మీకు మిగిలాయా?"

"మిగిలాయి పెద్దమ్మా."

పెద్దమ్మ ఒక్కో పిల్లనూ పైకి తీసి, బోర్లించి, కాళ్లు చూసి, వెచ్చటి గంపలోకి వదిలింది. నాలుగోది వదిలాక ఖాళీ అట్టపెట్టెను దులిపి మా ఆవిడకు తిరిగి ఇచ్చేసింది.

"సరిపోయింది," అంది. "ఇక మీరు నాకేమీ ఇవ్వక్కర్లేదు. కాళ్లు కడుక్కుని లోపలికి రండి."